బాక్టీరియా చచ్చినా తగ్గని వాపు

పాఠకుల ప్రశ్నలకు ఛాతీ వ్యాధుల వైద్యుని జవాబులు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది చంద్రపూర్ జిల్లా రాజురా తాలూకాలో ఒక పల్లె. మా అమ్మ ఇరవై ఏళ్లకు పైగా పత్తి సీజనులో జిన్నింగ్ మిల్లుకు పనికి వెళ్తోంది. మొదట్లో వారపు సెలవు అయిన మర్నాడు మాత్రమే ఛాతీ పట్టేసినట్టుండి దగ్గు వచ్చేది, ఒకటి రెండు రోజుల్లో సర్దుకునేది. ఇప్పుడు వారమంతా దగ్గే. పొద్దున లేవగానే కళ్లె పడుతుంది, బోరింగు నుంచి నీళ్ల బిందె తేవాలంటే మధ్యలో ఆగాల్సి వస్తోంది. కళ్లె పరీక్ష రెండుసార్లు చేయించాం, టీబీ లేదన్నారు. యాంటీబయాటిక్ కోర్సు వాడినప్పుడల్లా కొన్ని రోజులు తేలిక, తరువాత మళ్లీ మొదలు. ఈ మధ్య చూసిన డాక్టరు పత్తి దుమ్ములోని బాక్టీరియా ముక్కల వల్ల ఊపిరితిత్తుల్లో వాపు వచ్చిందన్నారు. బతికున్న బాక్టీరియా రోగం తెస్తుందని తెలుసు. చచ్చినదాని ముక్కలు ఏం చేయగలవు? మందుతో వాటిని తీసేయడం కుదరదా?
— ఒక పాఠకురాలు, రాజురా తాలూకా

జవాబు: అమ్మా, ఆ డాక్టరు చెప్పింది సరైన మాట. అయితే ఆయన మాటకన్నా ముందు మీ ఉత్తరంలోనే అసలు ఆధారం ఉంది. వారపు సెలవు తరువాత మొదటి రోజున ఛాతీ బిగుసుకుపోవడం, వారం గడిచేకొద్దీ తగ్గడం, ఏళ్లు గడిచాక వారమంతా ఉండిపోవడం అన్న ఈ వరుస పత్తి, జనుము, నార దుమ్ములో పనిచేసేవారికి వచ్చే బిసినోసిస్ అనే జబ్బుకు గుర్తు. మీ అమ్మగారిని పరీక్షించకుండా ఆమెకు ఉన్నది అదేనని నేను ఖాయం చేయలేను గానీ, ఏ వైద్యుని దగ్గరికి వెళ్లినా ఈ వరుసను తప్పకుండా ముందుగా చెప్పండి.

పత్తి మొక్క మీద చేలో ఉండగానే కొన్ని రకాల బాక్టీరియా పెరుగుతాయి. వాటిలో తరచుగా కనిపించేది పాంటోయియా అగ్లోమెరాన్స్. కాయను పట్టుకుని ఉండే ఎండు రెక్కల మీద, ఆకుముక్కల మీద ఇవి ఎక్కువగా ఉంటాయి. చేనులో ఉండగా వానకు తడిసిన పత్తిలో ఇంకా పెరుగుతాయి. పత్తి ఎండేసరికి ఇవి చాలావరకు చచ్చిపోతాయి. కానీ వీటి పైపొరలో లైపోపాలీశాకరైడ్ అనే పదార్థం ఉంటుంది. దానికే ఎండోటాక్సిన్ అని పేరు. బాక్టీరియా చచ్చి పొడిపొడి అయినా ఈ పదార్థం చెడిపోదు. రోలర్ల ముందు కూర్చుని పత్తిని లోపలికి తోసే మనిషి కనుబొమల మీద తెల్లగా పేరుకునే నూగును మనం చూస్తాం. ఆ నూగు చాలావరకు ముక్కులోనే ఆగిపోతుంది. కంటికి కనిపించని సన్నటి దుమ్ము మాత్రం ఎండోటాక్సిన్‌ను మోసుకుంటూ ఊపిరితిత్తుల చివరి గాలి గదుల దాకా వెళ్తుంది.

చచ్చిన బాక్టీరియా హాని చేస్తుందా అన్న మీ సందేహం నూట ముప్పై ఏళ్ల కిందట బెర్లిన్‌లోనూ వచ్చింది. బాక్టీరియా శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ దగ్గర పనిచేసిన రిచర్డ్ ఫైఫర్ 1892 ప్రాంతంలో కలరా బాక్టీరియాను వేడిచేసి పూర్తిగా చంపి గినీపిగ్‌లకు ఎక్కిస్తే, ఆ జంతువులు అయినా చచ్చిపోయాయి. వేడికి చెడని విషం బాక్టీరియా శరీరంలోనే భాగంగా ఉందని ఆయన తేల్చారు. మరిగే నీళ్లు దీన్ని పాడుచేయలేవు. ఇంజెక్షన్ మందులు నింపే గాజు సీసాలకు ఇది లేకుండా చేయడానికి మందుల కర్మాగారాల్లో వాటిని 250 డిగ్రీల పొడి వేడిలో సుమారు అరగంట ఉంచుతారంటే ఎంత మొండిదో ఊహించుకోండి.

ఊపిరితిత్తుల్లోకి వచ్చిన ఆ ముక్కను మన శరీరం ఎలా గుర్తిస్తుందన్నది చాలాకాలం తెలియలేదు. ఎండోటాక్సిన్ ఎక్కించినా చలించని ఒక జాతి ఎలుకల జన్యువులను వెతికి, వాటిలో టీఎల్ఆర్-4 అనే గ్రాహకం (కణం మీద ఉండి బయటి పదార్థాలను గుర్తుపట్టే ప్రొటీన్) చెడిపోయి ఉందని బ్రూస్ బాయిట్లర్ బృందం 1998లో చూపించింది. ఈగల్లో ఇదే కుటుంబానికి చెందిన టోల్ గ్రాహకం పనిని చూపిన జూల్స్ హాఫ్‌మన్‌తోనూ, రాల్ఫ్ స్టైన్‌మన్‌తోనూ కలిపి ఆయనకు 2011లో నోబెల్ బహుమతి ఇచ్చారు. గాలి గదుల్లో కాపలా కాసే మాక్రోఫేజ్ కణాల మీద ఈ టీఎల్ఆర్-4 ఉంటుంది. సీడీ-14, ఎండీ-2 అనే రెండు ప్రొటీన్ల సాయంతో అది ఎండోటాక్సిన్‌లోని కొవ్వు భాగమైన లిపిడ్-ఎ ను పట్టుకుంటుంది. మీ ప్రశ్నకు సూటి జవాబు ఇక్కడే ఉంది: ఆ గ్రాహకం చూసేది లిపిడ్-ఎ ను మాత్రమే, దాన్ని మోసుకొచ్చిన బాక్టీరియా బతికుందా లేదా అన్నది దానికి తెలిసే వీలు లేదు. ముక్క తగలగానే శరీరం నిజంగానే శత్రువు లోపలికి వచ్చినట్టు స్పందిస్తుంది. కణం లోపల ఎన్ఎఫ్-కప్పా-బి అనే స్విచ్ పడుతుంది, టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-8 వంటి సంకేత పదార్థాలు విడుదలవుతాయి, రక్తంలోంచి న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలు గుంపులుగా శ్వాసనాళాల్లోకి వస్తాయి.

న్యూట్రోఫిల్‌లు బాక్టీరియాను చంపడానికి తెచ్చుకునే ఆయుధాల్లో ఎలాస్టేజ్ అనే ఎంజైము ఒకటి. చంపడానికి బాక్టీరియా లేనప్పుడు కూడా అది బయట పడుతుంది. ఊపిరితిత్తులకు సాగే గుణాన్నిచ్చే ఎలాస్టిన్‌ను అది కొరికేస్తుంది, కళ్లె ఊరే గ్రంథులను పెంచుతుంది, కళ్లెను పైకి నెట్టే, నాళాల లోపలి గోడ మీది సన్నటి కేశాల కదలికను మందగింపజేస్తుంది. ఒక్క రోజు పీల్చితే ఇదంతా సర్దుకుంటుంది. పత్తి సీజను పొడుగునా, ఏటేటా పీల్చితే, ఒక వాపు తగ్గకముందే మరొకటి మొదలై, చివరికి నాళాల గోడలు మందమైపోతాయి. సెలవు తరువాతి రోజే మొదట్లో ఎక్కువగా ఉండటానికి పరిశోధకులు చెప్పే ఒక కారణం ఏమిటంటే, వెంట వెంటనే ఎండోటాక్సిన్ తగులుతుంటే కణాలు కొంత మొద్దుబారతాయి, ఒకరోజు విరామం దొరికితే వాటి స్పందన మళ్లీ పదునెక్కుతుంది.

దుమ్ము ఏదైనా దుమ్మే కదా, బాక్టీరియా ముక్కల మీద ఎందుకు నింద వేయాలి అనిపించవచ్చు. అమెరికాలో వాలంటీర్లను వేర్వేరు రకాల పత్తి దుమ్ములో కూర్చోబెట్టి, ఊదే శక్తిని ముందూ వెనకా కొలిచిన అధ్యయనం 1987లో వెలువడింది. శ్వాస శక్తి తగ్గడం గాలిలోని దుమ్ము బరువుతో సరిపోలలేదు. దుమ్ములోని ఎండోటాక్సిన్ మోతాదుతో సరిపోలింది. చైనాలోని షాంఘైలో 1981 నుంచి పత్తి మిల్లు కార్మికులనూ పట్టు మిల్లు కార్మికులనూ దశాబ్దాల తరబడి పోల్చి చూశారు. పత్తి వైపు వారికి ఊపిరితిత్తుల శక్తి తొందరగా తరిగింది, పొగతాగేవారికి ఇంకా ఎక్కువగా తరిగింది. మీకు ముఖ్యమైన సంగతి ఏమిటంటే, పని మానేశాక వారిలో కొంతవరకు మెరుగుదల కనిపించింది. మీ అమ్మగారి విషయంలో నాకున్న ఆశ దాని మీదే.

ఇక మందు సంగతి. యాంటీబయాటిక్ బతికున్న బాక్టీరియా మీదే పనిచేస్తుంది, రాలిపడిన ముక్కల మీద దానికి పట్టు లేదు. కోర్సు వాడినప్పుడు తేలికపడటానికి రెండు కారణాలు ఉండవచ్చు. దెబ్బతిన్న నాళాల్లో పైనుంచి నిజమైన ఇన్ఫెక్షన్ చేరి, అది తగ్గి ఉండవచ్చు. లేదా ఆ రోజుల్లో ఆమె మిల్లుకు వెళ్లకుండా ఇంట్లో ఉండి ఉండవచ్చు. ఈ రెండోది గుర్తు చేసుకుని చూడండి. టీబీ లేదని తేలగానే ఇంకో యాంటీబయాటిక్ రాసి పంపేయడం మన సరిహద్దు ఊళ్లలో మామూలైపోయింది, ఏం పని చేస్తారని అడిగేవారు తక్కువ. అడగాల్సిన మొదటి ప్రశ్న అదేనని నేను గట్టిగా నమ్ముతున్నాను.

స్పైరోమెట్రీ పరీక్ష చేయించండి. గట్టిగా ఊదించి చేసే ఈ పరీక్షకు సూది గుచ్చాల్సిన పని లేదు. చంద్రపూర్‌లో కుదరకపోతే నాగ్‌పూర్‌లో గానీ సేవాగ్రామ్‌లో గానీ చేయించుకోవచ్చు. నాళాలను వదులుచేసే మందు పీల్చాక కూడా మొదటి సెకనులో ఊదిన గాలి, మొత్తం ఊదిన గాలిలో 0.70 వంతు కన్నా తక్కువ ఉంటే నాళాలు శాశ్వతంగా ఇరుకయ్యాయని అర్థం. అప్పుడు రోజూ ఇన్‌హేలర్ అవసరం. ఇన్‌హేలర్ అలవాటైపోతుందన్న భయంతో మానేసేవారు చాలామంది. ఆ భయం నిజం కాదు, మాత్రల కన్నా దాని మోతాదు చాలా తక్కువ. వీలైతే రోలర్ల దగ్గర నుంచీ, మిల్లు ఊడ్చే పని నుంచీ ఆమెను తప్పించి, ఆరుబయట పనికి మార్చమని అడగండి. కొంగు చుట్టుకుంటే నూగు ఆగుతుంది, సన్నటి దుమ్ము ఆగదు. ముఖానికి ఎక్కడా సందు లేకుండా అతుక్కునే ఎన్-95 మాస్కు దానికన్నా ఎంతో మేలు. బిసినోసిస్ చట్టం గుర్తించిన వృత్తి వ్యాధుల జాబితాలో ఉంది, కనుక జబ్బు ఖాయమైతే వైద్యుని చేత ఆ పేరుతోనే కాగితం మీద రాయించుకోండి. ‘దమ్ము’ అని మాత్రమే రాస్తే పనికీ జబ్బుకీ ఉన్న సంబంధం కాగితంలో కనిపించకుండా పోతుంది.

ప్రశ్న: నేను ఆరేళ్ల కిందట టీబీ మందులు పూర్తిగా వాడాను, నయమైందని చెప్పారు. అయినా రోజూ పచ్చటి కళ్లె చాలా పడుతుంది. అప్పుడప్పుడు రక్తం చార కనిపిస్తుంది. సీటీ స్కానులో బ్రాంకియెక్టాసిస్ (శ్వాసనాళాలు వెడల్పై ఆకారం చెడిపోవడం) అని రాశారు. ఎక్కువైనప్పుడు మందుల షాపులో లీవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ తెచ్చుకుని వాడుతున్నాను. టీబీ మళ్లీ వచ్చినట్టా?
— ఒక పాఠకుడు, సిరొంచ, గడ్చిరోలి జిల్లా

జవాబు: రక్తం కనిపించినప్పుడు టీబీ మళ్లీ వచ్చిందేమోనని చూడక తప్పదు. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. టీబీ కోసం కళ్లెను పరీక్షించే సీబీనాట్ యంత్రం చూసేది క్షయ బాక్టీరియా జన్యుపదార్థాన్ని. ఇంతకుముందు మందులు వాడినవారి కళ్లెలో చచ్చిన బాక్టీరియా జన్యుపదార్థం మిగిలి ఉన్నా అది పాజిటివ్ చూపించవచ్చు. అందుకే మీ వంటివారికి కళ్లెను కల్చర్‌కు కూడా పంపించాలి, అందులో పెరిగేది బతికున్నది మాత్రమే. ఈ పరీక్షలు అయ్యేవరకు లీవోఫ్లాక్సాసిన్‌ను మీ అంతట మీరు ముట్టుకోవద్దు. ఆ జాతి మందులకు క్షయ బాక్టీరియా మీద కూడా కొంత పట్టు ఉంది కాబట్టి, ఉన్న టీబీని కొన్నాళ్లు కప్పిపుచ్చి, తరువాత మొండి టీబీకి దారితీసే ప్రమాదం ఉంది.

టీబీ లేదని తేలితే, మీ బాధకు కారణం టీబీ వదిలివెళ్లిన మచ్చ అని అనుకోవచ్చు. భారతదేశంలో బ్రాంకియెక్టాసిస్ రోగులు రెండు వేలకు పైగా ఉన్న ఒక రిజిస్ట్రీని (రోగుల వివరాల నమోదు జాబితాను) పరిశీలించి 2019లో ప్రచురించినప్పుడు, మూడో వంతు కంటే ఎక్కువమందికి ఆ జబ్బు టీబీ తరువాతే వచ్చిందని తేలింది. ఐరోపాలో ఇలా ఉండదు. మన దగ్గర టీబీ తగ్గిందని మందులు ఆపిన రోజున ఆ మనిషిని మళ్లీ రమ్మని చెప్పకుండా పంపేయడం వల్ల ఎంతమంది ఇలా మిగిలిపోతున్నారో ఈ లెక్క చెబుతుంది.

క్షయ వల్ల వెడల్పై, ఆకారం చెడిన శ్వాసనాళంలో కళ్లె బయటికి రాకుండా నిలిచిపోతుంది. నిలిచిన కళ్లెలో హీమోఫిలస్, సూడోమోనాస్ వంటి బాక్టీరియా స్థిరపడతాయి. ఇవి బతికుండగానే తమ ముక్కలను రాల్చుతూ ఉంటాయి. హీమోఫిలస్ తన పైపొర నుంచి సన్నటి బుడగలు విడుస్తుంది. దాని పి-6 అనే ప్రొటీన్ టీఎల్ఆర్-2 గ్రాహకాన్ని తాకుతుంది. సూడోమోనాస్ ఈదడానికి వాడే తోకలోని ఫ్లాజెలిన్ టీఎల్ఆర్-5 ను తాకుతుంది. ఎండోటాక్సిన్ సంగతి పై జవాబులో చెప్పాను. ఇలా ఒకే బాక్టీరియా నాలుగైదు దారుల్లో న్యూట్రోఫిల్‌లను పిలుస్తుంది. వచ్చిన న్యూట్రోఫిల్‌ల ఎలాస్టేజ్ నాళం గోడను ఇంకా దెబ్బతీయడమే కాక, బాక్టీరియాను పట్టుకోవడానికి వాటికే అవసరమైన గ్రాహకాలను కూడా కోసేస్తుంది. దాంతో రక్షణ తగ్గి బాక్టీరియా పెరుగుతుంది, మరిన్ని ముక్కలు రాలుతాయి, మరిన్ని న్యూట్రోఫిల్‌లు వస్తాయి. లండన్ వైద్యుడు పీటర్ కోల్ 1986లో దీన్ని విషవలయంగా వివరించారు. మీ కళ్లెలోని పచ్చదనం కూడా న్యూట్రోఫిల్‌లలోని మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైము రంగే. అది ఎంత పచ్చగా ఉంటే లోపల అన్ని తెల్లకణాలు పోగయ్యాయని అర్థం.

ఈ వలయాన్ని ఎక్కడ తెంచాలన్నదే చికిత్స. అన్నిటికన్నా ముందు కళ్లెను రోజూ బయటికి తీయాలి. లోతుగా నాలుగైదుసార్లు శ్వాస తీసుకుని, కొద్దిసేపు బిగబట్టి, నోరు గుండ్రంగా తెరిచి, అద్దం మీద ఆవిరి పట్టించేటప్పుడు చేసినట్టు ‘హా’ అంటూ బలంగా వదలాలి. ఇలా పదిహేను ఇరవై నిమిషాలు, పొద్దునా సాయంత్రం చేయాలి. ఫిజియోథెరపిస్టు దగ్గర ఒకసారి చూసి నేర్చుకోండి, మీ ఏ భాగంలో కళ్లె నిలుస్తుందో సీటీ చూసి ఎటువైపు పడుకోవాలో చెబుతారు. రక్తం పడుతున్న రోజుల్లో మాత్రం వైద్యుణ్ని అడిగాకే చేయండి. ఈ పని ఖర్చు లేనిది కాబట్టి చాలామంది దీన్ని మందుగా లెక్కించరు. నా లెక్కలో మీకు రాసే ఏ మాత్ర కన్నా దీనిదే ముందు స్థానం.

ఏటా తరచుగా ఎక్కువవుతున్నవారికి అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను తక్కువ మోతాదులో నెలల తరబడి ఇస్తారు. అది బాక్టీరియాను అదుపు చేయడంతో పాటు వాపును కూడా తగ్గిస్తుందని తెలుసు. క్షయ జాతికే చెందిన ఇతర మైకోబాక్టీరియా లేవని తేల్చుకుని, ఈసీజీ తీసి, వినికిడి గమనిస్తూ ఇవ్వాల్సిన మందు అది, షాపులో అడిగి తెచ్చుకునేది కాదు. న్యూట్రోఫిల్ ఎంజైములు ఎముక మజ్జలో తయారయ్యే దశలోనే వాటిని చురుకు కాకుండా ఆపే బ్రెన్సోకాటిబ్ అనే మాత్రకు అమెరికాలో 2025 ఆగస్టులో అనుమతి దొరికింది. బాక్టీరియాను ముట్టుకోకుండా వాపును మాత్రమే పట్టుకునే మందు ఈ జబ్బులో ఉపయోగపడటం, పైన చెప్పిన వలయం నిజమేనని చూపిస్తుంది. ఫ్లూ టీకా ఏటా, న్యుమోకోకల్ టీకా వైద్యుడు చెప్పిన ప్రకారం వేయించుకోండి. రక్తం చారలు దాటి గుక్కెడు పడితే మాత్రం ఆలోచించకుండా గడ్చిరోలికి గానీ, నది దాటి వరంగల్‌కు గానీ అదే పూట బయలుదేరండి.

ప్రశ్న: మా అత్తగారు కట్టెల పొయ్యి మీద, పిడకలతో వండుతారు. మామగారు బీడీలు కాలుస్తారు. ఇద్దరికీ దగ్గే. వీటిలో కూడా బాక్టీరియా ముక్కలు ఉంటాయా? పశువుల కొట్టం దగ్గర పెరిగే పిల్లలకు ఉబ్బసం రాదని చదివాను. అలాంటప్పుడు ఆ ముక్కలు మంచివా, చెడ్డవా?
— ఒక పాఠకురాలు, కిన్వట్, నాందేడ్ జిల్లా

జవాబు: ఉంటాయి. పొగాకు ఆకు మీద కూడా బాక్టీరియా ఉంటుంది. సిగరెట్టు పొగలో చురుకైన ఎండోటాక్సిన్ ఉందని 1999లో కొలిచి చూపించారు. పొగాకును చుట్టి కాల్చే బీడీకి ఇది వర్తించదని అనుకోవడానికి కారణం లేదు. కట్టెలు, పిడకలు కాల్చే ఇళ్ల గాలిలోనూ ఎండోటాక్సిన్ ఎక్కువగా ఉందని నేపాల్‌లో, ఆఫ్రికాలోని మలావిలో చేసిన కొలతల్లో కనిపించింది. పొగలోని మిగతా విషాలతో కలిసినప్పుడు దాని హాని పెరుగుతుంది. ఏడాదికి మూడు నెలల చొప్పున వరుసగా రెండేళ్లు కళ్లెతో దగ్గు ఉంటే దాన్ని దీర్ఘకాలిక బ్రాంకైటిస్ అంటారు. మీ అత్తమామలిద్దరికీ స్పైరోమెట్రీ అవసరం. మీ అత్తగారు బీడీ ముట్టలేదు కాబట్టి ఆమెకు ఊపిరితిత్తుల జబ్బు రాదని ఎవరైనా చెబితే నమ్మకండి.

పిల్లల సంగతి మీరు చదివింది చాలావరకు నిజమే, అసలు రాదని కాదు, తక్కువగా వస్తుంది. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ పల్లెల్లో పిల్లల పరుపుల దుమ్ములో ఎండోటాక్సిన్ ఎక్కువున్నచోట అలర్జీ, ఉబ్బసం తక్కువగా ఉన్నాయని 2002లో చూపించారు. అమెరికాలో పాత పద్ధతిలో పశువులతో సేద్యం చేసే ఆమిష్ కుటుంబాలనూ, యంత్రాలతో సేద్యం చేసే హటరైట్ కుటుంబాలనూ పోల్చిన 2016 అధ్యయనంలో, ఆమిష్ ఇళ్ల దుమ్ములో ఎండోటాక్సిన్ దాదాపు ఏడు రెట్లు ఎక్కువగానూ, వారి పిల్లల్లో ఉబ్బసం చాలా తక్కువగానూ ఉంది. పసితనంలో, రోగనిరోధక శక్తి ఇంకా నేర్చుకుంటున్న వయసులో, పొగ లేని గాలిలో తగిలే ముక్కలు అలర్జీ వైపు మొగ్గకుండా దానికి తర్ఫీదు ఇస్తాయి. అదే పదార్థం పెద్దవారి ఊపిరితిత్తుల్లోకి రోజూ, పెద్ద మోతాదులో, పొగతో కలిసి వెళ్లినప్పుడు పై రెండు జవాబుల్లో చెప్పిన నష్టమే జరుగుతుంది. ఇప్పటికే ఉబ్బసం ఉన్న పిల్లవాడికి కూడా కొట్టంలోని దుమ్ము దాన్ని ఎక్కువే చేస్తుంది. ఉబ్బసం లేని పిల్లలను కొట్టం దగ్గర ఆడుకోనివ్వండి, ఏ పిల్లలనైనా వంట జరుగుతున్నంతసేపు మాత్రం పొయ్యి దగ్గర కూర్చోనివ్వకండి. గ్యాసు బండ ఇంట్లో ఉండి కూడా పండగలకే వాడుతున్నట్లయితే, కనీసం పప్పు ఉడకబెట్టడం, నీళ్లు కాచడం వంటి ఎక్కువసేపు పట్టే పనులను ముందుగా దాని మీదికి మార్చండి.